డాబా మీద దడి

కోతుల మంద కొండ దిగిందంటే ఆ వీధిలో ముందు తెలిసేది వరహాలమ్మకే. ఆవిడ ఇల్లు విశాఖపట్నం శివార్లలో, కొండ మొదట్లో, వీధికి కొసన ఉంది. డాబా మీద మట్టికుండీల్లో, పాత పెయింటు డబ్బాల్లో, అంచులు పగిలిన సిమెంటు తొట్టెల్లో ఆవిడ వంగ, బెండ, టమాటా, బచ్చలి పెంచేది. ఇనప తీగల పందిరి మీద ఆనపపాదు అల్లుకుని ఉండేది. భర్త పోయాక ఆవిడకి పొద్దు గడిచేది అక్కడే. కొడుకు ఈశ్వరరావు హార్బర్లో క్రేన్ ఆపరేటరు. ఏడాది కిందట కాపురానికొచ్చిన కోడలు హైమవతి ఒక చిన్న విత్తనాల కంపెనీ ప్రయోగశాలలో శాస్త్రవేత్త. మొక్కల వేళ్ల దగ్గర బతికే సూక్ష్మజీవుల మీద ఆమె పరిశోధన.

కోతుల్ని ఆపడానికి వరహాలమ్మ చెయ్యని పని లేదు. నైలాన్ వల కట్టింది, కొరికేశాయి. కొండముచ్చు బొమ్మ వేయించిన ఫ్లెక్సీ వేలాడదీసింది. కొన్నాళ్లు దూరంగా ఉండి, తర్వాత దాన్నే పట్టుకుని ఊగాయి. కారం నీళ్లు కొడితే పైపైన తుడుచుకుని తిన్నాయి. కోతులు వదిలేసినవి మానుపిల్లి వచ్చి తినేది. మొగ్గలు ఉడతల పాలయ్యేవి.

ఒక ఉదయం పెద్ద మగకోతి ఒకటి ఆనపకాయని చంకలో పెట్టుకుని పిట్టగోడ మీద కూర్చుంది. వరహాలమ్మ కర్ర ఎత్తింది. అది పళ్లు చూపించి ఒక్క గెంతు ముందుకి గెంతింది. ఆవిడ వెనక్కి అడుగేసి మెట్ల మీద పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాక హైమ మెల్లగా అంది.

"ఇంక పైకి వెళ్లకండి అత్తయ్యా."

"ఎల్లకుండా ఏటి సేస్తానమ్మా. కింద కూకుంటే గోడలే గదా కనబడేవి."

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది. కానీ హైమకి అది పట్టుకుంది.

ఆ వీధిలోనే ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక మునగచెట్టు ఉంది. కొండ కింద ఉన్న చెట్లన్నీ బోసిపోయినా ఆ మునగకి మాత్రం నిండా కాయలుండేవి. ఆఫీసు బస్సు కోసం అక్కడ నిలబడినప్పుడల్లా హైమ దాన్ని చూసేది. ఒకరోజు ఇస్త్రీ బండి ఆయన్ని అడిగింది.

"కోతులు ఈ చెట్టు జోలికి రావా?"

"ఎండల్లో ఒక పిల్లకోతి కరెంటు తగిలి ఈ గోడ మీదే కొట్టుకుని చచ్చిపోయిందమ్మా. అప్పట్నించి మంద ఇటు తిరిగి చూడట్లేదు. వానలు కూడా వెళ్లిపోయాయి, అయినా రావు."

హైమ మర్నాడు ఒక చిన్న బ్లేడు, గాజు సీసా తెచ్చుకుని ఆ గోడ మీది పొడి గోకింది.

ఆ పొడిలో ఉన్నది ఏమిటో తేలడానికి చాలాకాలం పట్టింది. చచ్చిపోయే ముందు ఆ పిల్లకోతి చర్మంలోంచి ఊరిన పదార్థం అది. మనిషి ముక్కుకి దాని వాసన తెలియదు. ఎండకీ వానకీ తొందరగా పోదు. ఒక చుక్క దూది మీద వేసి ఎలుకల బోనులో పెడితే ఎలుకలు తిండి మానేసి దూరపు మూలకి పోయి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. కుందేళ్లూ అంతే. పాలిచ్చి పెంచే జంతువులన్నిటికీ అది ఒకే మాట చెబుతున్నట్టుంది: ఇక్కడ మనలాంటిది ఒకటి భయపడి చచ్చిపోయింది, పారిపో. పక్షులకీ తేనెటీగలకీ ఆ భాష పట్టలేదు.

హైమ చేసిన పని, వేళ్లలో కాపురముండే ఒక సూక్ష్మజీవికి ఆ పదార్థాన్ని తయారుచెయ్యడం నేర్పడం. ఆ జీవి ఉన్న పొడిని కుండీ మట్టిలో కలిపితే చాలు. అది వేళ్లలో చేరుతుంది, తయారైన పదార్థం కాడల్లోంచి ఎక్కి ఆకుల అంచుల నుంచి గాలిలో కలుస్తుంది. మొక్క బతికున్నంతకాలం దాని చుట్టూ కనబడని కాపలా ఉంటుంది.

ప్రయోగశాల అధిపతి డాక్టర్ గోవర్ధన్ యాభై దాటిన మనిషి. తక్కువ మాట్లాడతాడు, శ్రద్ధగా వింటాడు. ఆయన ఎలుకల బోను ముందు చాలాసేపు కూర్చుని అడిగాడు.

"మనుషులకి?"

"మనకి ఈ వాసన పట్టే నరాలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి సార్. పుస్తకాల్లో అలాగే ఉంది."

చర్మం మీద రాసి చూశారు. దద్దురు కూడా రాలేదు. ఆ కూరగాయలు తిన్నవాళ్లకి ఏమీ కాలేదు. ఎలుకలు మాత్రం మూలకి నక్కి ఉన్నాయి. అవి అలా నక్కాలనే కదా ఈ మందు అని అందరూ అనుకున్నారు.

ఈలోగా హైమకి కూతురు వల్లి పుట్టింది. పిల్లకి మూడో నెల వెళ్లగానే హైమ మళ్లీ పనిలో చేరింది. పొడిని మొదట తన అత్తగారి కుండీల్లోనే కలిపింది. చేత్తోనే కలిపింది.

ఆ వారంలోనే మంద దిగింది. హైమ, ఈశ్వరరావు, వరహాలమ్మ మెట్ల గది కిటికీలోంచి చూశారు. మునుపటి పెద్ద మగకోతే ముందు గెంతింది. పిట్టగోడ మీద కాలు ఆనగానే ఆగిపోయింది. ఒళ్లంతా వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. అది అరవలేదు. గోడ పట్టుకున్న చేతులు ఒక్కొక్కటే వదిలి, వెనక్కి జరిగి, వంటగది సన్‌షేడు మీద నుంచి జారి కొండవైపు పరుగుతీసింది. దాని వెనకే మందంతా పోయింది. పిల్లకోతి ఒకటి తల్లిని అందుకోలేక దారిలో కాసేపు కీచుమంది.

"అబ్బో, నీ పొడి గట్టి దడేనమ్మా," అంది వరహాలమ్మ నవ్వుతూ.

ఆ వేసవిలో ఆనపకాయలు పందిరి నిండా వేలాడాయి. ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్లారు, తమకీ ఇమ్మని అడిగారు. కంపెనీ ఆ పొడిని చిన్న పొట్లాలుగా కట్టి దుకాణాలకి పంపింది. పేరు వరహాలమ్మ నోట్లోంచి వచ్చిందే: "దడి". కొండల పక్క ఊళ్లలో, పట్నాల్లో డాబాల మీద తోటలు పెంచేవాళ్లు ఎగబడి కొన్నారు.

మొదట వెళ్లిపోయింది పిల్లి. వరహాలమ్మ పాలు పోసే బూడిదరంగు పిల్లి ఒకరోజు ప్రహరీ మీద దాకా వచ్చి, లోపలికి దూకకుండా చాలాసేపు చూసి తిరిగిపోయింది. మళ్లీ రాలేదు. వీధికుక్కలు వాళ్ల గేటు ముందు పడుకోవడం మానేశాయి. అంతా అనుకున్నదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత వరహాలమ్మ డాబా ఎక్కడం తగ్గించింది. నీళ్లు పెట్టడానికి వెళ్లి సగం కుండీలకే పెట్టి దిగిపోయేది. ఆనపకాయలు ముదిరి పందిరి మీదే ఎండాయి.

"ఒంట్లో బాగోలేదా అత్తయ్యా?"

"బాగానే ఉన్నానమ్మా. పైకి ఎల్తే ఎందుకో దిగిపోవాలనుంటాది. ఎవులో ఎనక నిల్సున్నట్టు. ముసలితనం, ఏటి సేస్తాం."

హైమకి అలాంటిదేమీ అనిపించలేదు. ఆమెకి డాబా ఎప్పటిలాగే ఉంది. అందుకే అత్తగారిది కింద పడిన నాటి బెదురు అనుకుంది.

ఆ నెలలోనే వల్లి పాలు తాగడం మానేసింది. ఒళ్లోకి తీసుకోగానే పిల్ల వెన్ను విల్లులా వెనక్కి విరుచుకునేది. పిడికిళ్లు బిగించి, మొహం పక్కకి తిప్పుకుని, గొంతు పోయేలా ఏడ్చేది. అత్తగారు ఎత్తుకుంటే వెక్కుతూ వెక్కుతూ ఊరుకునేది. సీసాతో పట్టిస్తే తాగేది, తల్లి పట్టించనంతవరకు.

పిల్లల డాక్టరు చెవులు చూశాడు, నోరు చూశాడు, పొట్ట నొక్కాడు. "ఏమీ లేదండీ. కొంతమంది పిల్లలు ఈ వయసులో ఇలా మారాం చేస్తారు," అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తన కుర్చీని కాళ్లతో వెనక్కి తోసుకుంటున్నాడు. గోడ తగిలేదాకా తోసుకున్నాడు. తనేం చేస్తున్నదీ ఆయనకి తెలిసినట్టు లేదు.

అప్పట్నించి హైమ మనుషుల్ని గమనించడం మొదలుపెట్టింది. ఆఫీసు బస్సులో తన పక్క సీటు ఖాళీగా ఉండేది. నిలబడ్డవాళ్లు నిలబడే వచ్చేవాళ్లు. కూరల దుకాణంలో చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పెట్టి జరిపేవాళ్లు. ఈశ్వరరావు ఉక్కపోతగా ఉందని ముందు గదిలో చాప వేసుకుని పడుకుంటున్నాడు. వానలు పడి చల్లబడ్డాక కూడా అక్కడే పడుకున్నాడు. ఒక సాయంత్రం ఆమె టీ గ్లాసు అందిస్తే ఆయన చెయ్యి చాపాడు కానీ దగ్గరికి రాలేదు. గ్లాసు ఇద్దరి మధ్యా కింద పడింది.

"నా మీద కోపంగా ఉందా మీకు?"

ఆయన గాజుముక్కలు ఏరుతూ తలెత్తలేదు. "కోపం ఎందుకు హైమా? నాకే అర్థం కావట్లేదు. నువ్వు ఇంట్లో లేనప్పుడు నిన్ను చూడాలనిపిస్తుంది. వచ్చాక నా కాళ్లు నన్ను బయటికి లాక్కుపోతున్నాయి. క్రేను మీద, అంత ఎత్తున కూర్చుంటే కూడా నాకిలా ఉండదు."

మర్నాడు హైమ సెలవు పెట్టింది. తను కట్టి విడిచిన చీర ఒకటి, భర్త లుంగీ ఒకటి విడివిడి సంచుల్లో పెట్టుకుని కొండదారి పట్టింది. మంద కూర్చునే బండల దగ్గర రెండిటినీ కాస్త ఎడంగా పరిచి, చెరొక దాని మీద అరటిపళ్ల అత్తం పెట్టింది. గాలి తన వైపుకి వీచేలా చూసుకుని కిందకి పోయి కూర్చుంది.

కోతులు వచ్చాయి. లుంగీ మీది పళ్లకోసం కొట్టుకున్నాయి, తొక్కలు విసురుకున్నాయి. ఒక ఆడకోతి రెండో అత్తం చూసి చీరవైపు నడిచింది. చీర అంచు దాకా వచ్చి నిలిచిపోయింది. వెంట్రుకలు లేచాయి. కడుపుకి కరుచుకున్న పిల్లని రెండు చేతులతో అదుముకుని, శబ్దం చెయ్యకుండా, ఒక్కో అడుగే వెనక్కి వేసింది. కాసేపటికి బండల మీద ఒక్క కోతి లేదు.

ఆ చీర కట్టుకుని హైమ డాబా ఎక్కలేదు, కుండీలు ముట్టుకోలేదు. అది ఆమె ఒంటి మీద మాత్రమే ఉంది.

ప్రయోగశాలకి వెళ్లి తన అరచేతుల్ని సూక్ష్మజీవుల్ని పెంచే జెల్లీ పళ్లేల మీద అదిమింది. కొన్నాళ్లకి పళ్లెంలో ఆమె వేళ్లూ అరచేయీ తెల్లని మచ్చలుగా లేచాయి. మొక్క వేళ్లలో ఉండాల్సిన జీవి మనిషి చర్మం మీద కాపురం పెట్టింది. అక్కడ తనకి నేర్పిన పనే చేసుకుపోతోంది. పుస్తకాల్లో ఉన్నది సగమే నిజం. మనుషులకి ఆ వాసన తెలియదు, అంతే. భయం మాత్రం తెలుస్తుంది.

గోవర్ధన్ ఆ పళ్లేన్ని చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో చూశాడు. ఆశ్చర్యపడలేదు.

"నీకు తెలుసా హైమవతీ, నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను. నువ్వు వెనక్కి జరగలేదు, నేనూ జరగలేదు."

ఆయన తన అరచేయి తిప్పి చూసుకున్నాడు.

"మా ఆవిడ వాళ్ల చెల్లెలింటికి వెళ్లి రెండు నెలలైంది. గొడవేం లేదు. ఊరికే వెళ్లాలనిపించింది అంది. నాకు ముందునించీ అనుమానంగానే ఉంది. ఒంటికి పట్టినవాడికి ఇంకొకరి వాసన భయం పుట్టించదు. అలవాటైపోతుంది. మనిద్దరం ఇప్పుడు దడికి ఒకవైపు ఉన్నాం."

"అమ్మకాలు ఆపేద్దాం సార్. ఇవాళే చెబుదాం."

"ఆపి ఏం లాభం? ఎన్ని డాబాల మీద ఉందో మనకే తెలీదు. ఆలోచించు. ఒకరికి వెంటనే అంటుతుంది, ఒకరికి నెలలు పడుతుంది, కానీ చివరికి అందరికీ అంటుతుంది. అందరి ఒంటికీ పట్టాక ఎవరికి ఎవరంటే భయం ఉంటుంది? కొంతకాలం ఓర్చుకుంటే చాలు. ఇప్పుడు చెబితే మిగిలేది బెదురు ఒక్కటే. ఎవరి చేతుల్లో ఉందో అని జనం ఒకర్నొకరు ఊళ్లలోంచి తరుముకుంటారు."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఎంతో ఆలోచించే చెబుతున్నాడు. అందుకే హైమకి ఎక్కువ భయం వేసింది.

"మరి పుట్టే పిల్లలు?" అంది.

"పిల్లలా?"

"వాళ్లు ఒంటి మీద ఏమీ లేకుండా పుడతారు కదా సార్. అందరికీ పట్టేసిన లోకంలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు వాళ్లమ్మని చూసి భయపడుతుంది. అలవాటయ్యేదాకా ఎవరు ఎత్తుకున్నా భయపడుతుంది. పాలెలా తాగుతుంది? నేను ఇంట్లో చూస్తున్నాను."

గోవర్ధన్ పళ్లేన్ని బల్ల మీద పెట్టి మూత వేశాడు. ఆయనకి పిల్లలు లేరు.

హైమ ఆయన కోసం ఆగలేదు. అధికారుల దగ్గరికి వెళ్లి అన్నీ చూపించింది. పత్రికలవాళ్లు వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూనే వెనక్కి వెనక్కి జరిగి, చివరికి వీధి అవతల నిలబడి ప్రశ్నలు అడిగారు. దడి అమ్మకాలు ఆగాయి. ఇళ్లలో ఉన్న మొక్కలు తగలబెట్టమని, మట్టిని మరగబెట్టి పారబొయ్యమని ప్రకటనలు వచ్చాయి. కొంతమంది ఆ పని చేశారు. చాలామంది పచ్చగా కాస్తున్న మొక్కని చంపలేకపోయారు. ఇంకొంతమంది ఇదంతా పోటీ కంపెనీ పుట్టించిన పుకారు అన్నారు.

వరహాలమ్మ మాత్రం చెప్పగానే డాబా ఎక్కింది. ముక్కుకీ నోటికీ తువ్వాలు కట్టుకుని, మధ్యమధ్య మెట్ల దాకా పారిపోయి మళ్లీ వస్తూ, ఒక్కొక్క మొక్కనీ వేళ్లతో సహా పీకి కుప్ప వేసింది. కిరసనాయిలు పోసి అంటించింది. నీళ్లు కాచే పెద్ద గుండిగలో కుండీల మట్టిని విడతలు విడతలుగా ఉడకబెట్టింది. హైమ వీధిలో నిలబడి ఆ పొగ చూసింది. సాయం చెయ్యడానికి ఆమె లోపలికి వెళ్లకూడదు.

అప్పటికే ఆమె మకాం ప్రయోగశాల వెనక ఉన్న గదికి మారింది. రకరకాల సబ్బులు, ఆసిడ్లు, మందులు ఒంటి మీద ప్రయోగించుకుంది. చర్మం ఊడి కొత్త చర్మం వచ్చింది. పళ్లెం మీద అదిమితే అవే తెల్లని మచ్చలు లేచాయి. గోవర్ధన్ ఆమెతోపాటే పనిచేసేవాడు. ఆనాటి వాదన ఊసు ఇద్దరూ మళ్లీ ఎత్తలేదు. ఆయన భార్య ఫోన్‌లో మాత్రం మాట్లాడేది.

ఆదివారాలు హైమ ఇంటి ఎదుట, వీధికి అవతల, గాలి తన వైపు తిరిగినప్పుడు నిలబడేది. వరహాలమ్మ వల్లిని గుమ్మంలోకి తెచ్చి చూపించేది. పిల్లకి పళ్లు వచ్చాయి. గోడ పట్టుకుని నిలబడింది, తర్వాత గోడ వదిలేసింది. దూరాన్నించి తల్లిని చూస్తే చెయ్యి ఊపేది. ఒకసారి గాలి ఎదురు తిరిగింది. పిల్ల చెయ్యి ఊపడం ఆపి, నానమ్మ భుజంలోకి తల దూర్చుకుంది. హైమ అప్పుడే తిరిగి వెళ్లిపోయింది. ఈశ్వరరావు వెనక నుంచి పిలిచాడు. ఆమె ఆగలేదు, ఆయన కూడా దగ్గరికి రాలేకపోయాడు.

చలికాలం వెళ్లిపోతుండగా ఒక ఆదివారం ఆమె వెళ్లేసరికి గేటు తీసి ఉంది. వల్లి వాకిట్లో ఒక్కతే కూర్చుని డబ్బా మూతతో ఆడుకుంటోంది. వరహాలమ్మ గుమ్మం లోపల నిలబడి ఉంది. ఆవిడ ఎప్పుడూ పిల్లని అలా వదలదు.

వల్లి తల్లిని చూసింది. లేచి, మూత అక్కడే పడేసి, తప్పటడుగులు వేసుకుంటూ గేటు దాటి వీధిలోకి వచ్చింది. హైమ కంగారుగా వెనక్కి జరిగింది. గాలి సరిగ్గా పిల్లవైపే వీస్తోంది. పిల్ల ఆగలేదు. వచ్చి ఆమె మోకాళ్లని రెండు చేతులతో చుట్టేసి, చీరలో మొహం దాచుకుని తల పైకెత్తి చూసింది. ఎత్తుకోమని చేతులు చాపింది.

హైమ ఎత్తుకుంది. పిల్ల ఒళ్లు మెత్తగా, వెచ్చగా ఆమె మీద వాలింది. వెన్ను విరుచుకోలేదు. మెడ దగ్గర ఊపిరి తగిలింది. ఎన్నాళ్లనించో బిగబట్టిన ఏడుపు హైమకి ఒక్కసారిగా వచ్చింది. ఏడుస్తూనే అత్తగారి వైపు చూసింది. వరహాలమ్మ గుమ్మం దాటి రాలేదు. రెండు చేతులతో తలుపు పట్టుకుని నిలబడింది.

హైమ ఏడుపు ఆగిపోయింది.

"ఎప్పట్నించి అత్తయ్యా?"

"బుధారం నించి," అంది వరహాలమ్మ. "నీల్లు పోద్దారని దగ్గిరికెల్తే నా సేతులు రావట్లేదమ్మా. నా సేతుల్లో పెరిగిన గుంట. అది నా కాడికి వొస్తంటే నానే గదిలోకి ఎల్లి తలుపేసుకున్నాను. తలుపవతల నానమ్మా నానమ్మా అని ఏడిసింది. ఈశ్వర్రావు మొకానికి గుడ్డ కట్టుకుని రెండుపూటలా అన్నం పెట్టినాడు. ఇయ్యాల ఆడూ పెట్టలేక హార్బరుకెల్లిపోనాడు."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి మళ్లీ అంది.

"నీ ఒంటికున్నాది నాకూ అంటించీమ్మా. అలవాటైపోద్దన్నావు గదా. ముగ్గురం ఒక్కకాడే ఉండొచ్చు."

హైమ గేటు దాకా నడిచింది. ఆవిడ తలుపు వెనక్కి తప్పుకుంది, తప్పుకున్నందుకు తనే సిగ్గుపడి మళ్లీ బయటికి వచ్చింది.

"మీకు కూడా అంటితే ఆయనకి ఎవరున్నారు అత్తయ్యా? ఒక్క మనిషైనా ఆయన పక్కన కూర్చుని అన్నం వడ్డించాలి కదా. మీరు ఆయన దగ్గరే ఉండండి."

వరహాలమ్మ లోపలికి వెళ్లి పిల్ల బట్టలు ఒక సంచిలో సర్ది, పాలసీసా, దుప్పటి పెట్టి, తెచ్చి వాకిట్లో ఉంచి వెనక్కి వెళ్లింది. హైమ వచ్చి సంచి తీసుకుంది.

"దానికి పప్పులో ఉప్పు తక్కువెయ్యాలమ్మా," అంది వరహాలమ్మ. "ఎక్కువైతే తినదు."

బస్‌స్టాపులో జనం ఉన్నారు. హైమ వల్లిని ఎత్తుకుని రేకుల నీడలోకి వెళ్లగానే వాళ్లు ఎండలోకి జరిగారు. ఎవరూ ఆమెని చూడలేదు. ఎండ నచ్చినట్టు అటు జరిగి నిలబడ్డారంతే. వల్లికి అది ఆటలా ఉంది. భుజం మీద నుంచి వాళ్లని చూసి కిలకిల నవ్వింది.

బెంచీ మీద ఒక్క అమ్మాయి మాత్రం లేవలేదు. ఇరవై ఏళ్లుంటాయి. ఏదో బట్టల కొట్టు యూనిఫారం చీర కట్టుకుని, మెడలో గుర్తింపు కార్డు వేసుకుంది. హైమ పక్కన కూర్చుంటే ఆ అమ్మాయి ఇంకాస్త చోటిచ్చి, సంచి తీసి కింద పెట్టింది. వల్లి బుగ్గ మీద వేలు పెట్టి పలకరించింది. వల్లి ఆ వేలు పట్టుకుంది.

"మీ పాప ఎంత బుద్ధిగా ఉందండీ," అంది ఆ అమ్మాయి. "మాకూ బాబున్నాడు. ఐదో నెల. ఈమధ్య ఏమైందో, నేను ఎత్తుకుంటే చాలు బిగుసుకుపోయి ఏడుస్తున్నాడు. పాలు ముట్టుకోవట్లేదు. మా అమ్మ దిష్టి తీసింది. తగ్గలేదు."

హైమ ఆ అమ్మాయి చేతుల్ని చూసింది. శుభ్రంగా ఉన్నాయి. గోరింటాకు అరిగిపోయి గోళ్ల చివర ఎర్రగా మిగిలింది.

"మీ ఇంట్లో కుండీలున్నాయా అమ్మా?" అని అడిగింది. "డాబా మీద మొక్కలు ఏమైనా?"

"లేవండీ. మాది అద్దె గది, మూడో అంతస్తు. ఒక్క మొక్క కూడా లేదు. మేము దుకాణంలో పాతికమందిమి ఉంటాం. చీరలు విప్పి చూపించడం, మడతపెట్టడం, అదే పని."

బస్సు వచ్చి ఆగింది. ఎండలో నిలబడ్డవాళ్లు వెనక తలుపు వైపు వెళ్లారు. ఆ అమ్మాయి సంచి భుజానికి తగిలించుకుని, ముందు తలుపు దగ్గర హైమకి చెయ్యి అందించి, "జాగ్రత్తండీ, పాపతో ఎక్కుతున్నారు," అంది.

హైమ ఆ చెయ్యి పట్టుకుని బస్సెక్కింది.